రాయగడలో కాఫీ షాపు పెడితే నడుస్తుందా?

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ: ఒడిశా రాయగడలో కాలేజీకి వెళ్ళే దారిలో ఒక షట్టరు దొరికింది, చేతిలో ఆరు లక్షల దాకా ఉంది, సోఫాలు వేసి ఎస్ప్రెసో మెషిన్ పెట్టి కేఫ్ తెరవాలని ఉంది. కానీ ఊరంతా టీ తాగేవాళ్ళే కదా, కాఫీకి ఎవరొస్తారు, పక్కనే కోరాపుట్ కొండల్లో పండే కాఫీ గింజ వాడితే బాగుంటుందా అని. నేను కోరాపుట్ జిల్లా జయపురంలో కాఫీ పొడి కొట్టు నడుపుతున్నాను. వెనక గ్రైండరు, ముందు కౌంటర్ మీద కప్పు కాఫీ. రెండూ చాలా ఏళ్ళుగా చూస్తున్నవాణ్ణి కాబట్టి కాస్త పొడుగ్గానే రాస్తాను, ఓపిగ్గా చదవండి.

కాఫీ నడుస్తుంది, కేఫ్ నడవడం కష్టం. ఆ షట్టర్లో పొడి అమ్మండి. ముందు వైపు ఫిల్టర్ కాఫీ కౌంటర్ పెట్టండి. సాయంత్రాలు కాలేజీ పిల్లల కోసం నాలుగు బల్లలు వేసి కోల్డ్ కాఫీ ఇవ్వండి. మెషిన్ మాత్రం మొదటి ఏడాది కొనకండి. ఆరు లక్షల్లో సగం కూడా ఖర్చు కాదు, మిగతాది బ్యాంకులో ఉంటే రాత్రి నిద్ర పడుతుంది.

ఎందుకంటే, "ఊరంతా టీయే" అన్నారు చూడండి, అది వీధిలో నిలబడి చూస్తే కనిపించే లెక్క. ఇళ్ళలోకి వెళ్ళి చూడండి. మన వైపు తెలుగువాళ్ళ ఇళ్ళలో, రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి, జయపురం ఎక్కడైనా సరే, పొద్దున్న లేవగానే స్టవ్ మీద పడేది కాఫీ పాలే. అదే మనిషి పదిన్నరకి ఆఫీసు బయట కొచ్చి చిన్న గ్లాసులో టీ తాగుతాడు. అతన్ని టీ మనిషి అనాలా కాఫీ మనిషి అనాలా? ఇంట్లో కాఫీ, బజార్లో టీ. బజార్లో టీ ఎందుకంటే పది రూపాయలకి వస్తుంది, మూడు నిమిషాల్లో అయిపోతుంది, పక్కవాడితో నాలుగు మాటలు మాట్లాడి మళ్ళీ పనిలోకి పోవచ్చు. ఆ పది రూపాయల టీతో మీరు పోటీ పడలేరు, పడనక్కర్లేదు కూడా. మీరు పట్టుకోవాల్సింది ఆ మనిషి ఇంటి పొద్దుటి కాఫీని.

ఇక కాలేజీ పిల్లలది మూడో రకం. వాళ్ళకి కావాల్సింది కూర్చోడానికి చోటు. ఇంట్లో వీలుకాదు, టీ బడ్డీ దగ్గర ఆడపిల్లలు నిలబడలేరు, పార్కులో ఎవరో ఒక చుట్టం కనబడతాడు. గంట కూర్చుంటే ఎవరూ లేవమనని చోటుకి వాళ్ళు డబ్బిస్తారు, కోల్డ్ కాఫీ దానికి టికెట్టు. 1996లో బెంగళూరు బ్రిగేడ్ రోడ్‌లో కేఫ్ కాఫీ డే మొదటి షాపు తెరిచినప్పుడు కూడా కంప్యూటర్లు పెట్టి, ఇంటర్నెట్‌తో కలిపే కాఫీ ఇచ్చారు. అప్పుడు అమ్ముడైంది ఇంటర్నెట్ ముందు కూర్చునే టైమే. పెద్ద ఊళ్ళో ఆ టైముకి గిరాకీ పగలంతా ఉంటుంది, ల్యాప్‌టాప్ పట్టుకుని పనిచేసుకునేవాళ్ళు పొద్దున్నుంచీ వస్తారు. మనకి సాయంత్రం నాలుగున్నర నుంచి ఏడున్నర దాకా, అంతే. పరీక్షలప్పుడు ఆ మూడు గంటలూ ఉండవు, వేసవి సెలవుల్లో అసలే ఉండవు. మూడు గంటల గిరాకీ కోసం పన్నెండు గంటల అద్దె, ఏసీ కరెంటు భరించాలి. సిమిలిగుడ వైపు నాకు తెలిసిన ఒకతను సరిగ్గా ఇలాగే గోడల మీద బొమ్మలు, ఊగే కుర్చీ అన్నీ పెట్టి తెరిచాడు. మొదటి రెండు మూడు నెలలు సెల్ఫీల కోసం జనం విరగబడ్డారు, ఆ తర్వాత ఇద్దరు కూర్చుని ఒక్క కప్పు పంచుకునే స్థితికి వచ్చింది. ఇప్పుడు అక్కడ మొబైల్ కవర్లు అమ్ముతున్నారు.

కప్పు లెక్క, పొడి లెక్క. అంకెల్లో చూద్దాం, మీ ఊరి రేట్లు వేసుకుని సరిచేసుకోండి. పొడి కిలో 700 అనుకుందాం. మంచి ఫిల్టర్ కాఫీకి కప్పుకి పది గ్రాముల పొడి పడుతుంది, అంటే 7 రూపాయలు. పాలు లీటరు 60 అనుకుంటే, తొంభై మిల్లీలీటర్లకి ఐదున్నర. పంచదార, గ్యాసు, కప్పు కలిపి ఇంకో రెండున్నర. 15 అయింది. మీరు 25కి అమ్మితే కప్పుకి 10 మిగులుతుంది. రోజుకి వంద కప్పులు పోయాయనుకోండి (మొదటి ఏడాది వంద అంటే చిన్న మాట కాదు), నెలకి ముప్ఫై వేలు. అందులోంచి అద్దె, కుర్రాడి జీతం, కరెంటు తీస్తే మీ చేతికి ఐదారు వేలు వస్తే గొప్ప.

ఇప్పుడు పొడి చూడండి. నలుగురున్న కాఫీ ఇంట్లో నెలకి కిలో దాకా పడుతుంది. నూటయాభై ఇళ్ళు పట్టుకుంటే నెలకి నూటయాభై కిలోలు. కిలోకి నూటయాభై మిగిలినా ఇరవై రెండు వేల ఐదొందలు, దానికి వేరే అద్దె లేదు, వేరే కుర్రాడు లేడు. పైగా కప్పు కాఫీ తాగేవాడు ఇవాళ వస్తాడు, రేపు మానేస్తాడు. ఒక ఇంటావిడకి మీ పొడి నాలుక్కి పడితే మాత్రం ఆవిడ మళ్ళీ మార్చదు, వాళ్ళ అమ్మాయి భువనేశ్వర్‌లో కాపురం పెట్టినా అర కిలో కట్టించి పంపుతుంది. నా కొట్టుకి ఆధారం అలాంటివాళ్ళే. మరి కౌంటర్ ఎందుకంటే, అది రుచి చూపించే చోటు. కప్పు తాగి "ఈ పొడే ఇస్తారా?" అని అడిగేవాడి కోసమే పెట్టాలి. నేనైతే కప్పు మీద లాభం చూసుకోను.

ఇందులో మీరు ఊహించని ఇంకో ఆదాయం పెళ్ళిళ్ళు. సరిహద్దు ఊళ్ళలో వంటవాళ్ళు ఎటువాళ్ళైనా, తెలుగు పెళ్ళి అంటే తెల్లవారుజామున కాఫీ తప్పదు. మగపెళ్ళివారికి విడిదిలో ఐదున్నరకల్లా కాఫీ అందకపోతే ఆ మాట మనవలు పుట్టేదాకా వినాలి. వంటవాళ్ళకి వంద కప్పులకి సరిపడా డికాక్షన్ తీసే ఓపిక ఉండదు, ఇన్‌స్టంట్ పొడి కలిపేస్తారు. మీరు రాత్రి పెద్ద ఫిల్టర్లలో డికాక్షన్ దింపి, క్యాన్లలో నింపి, తెల్లారకుండా విడిదికి అందించే ఏర్పాటు చేసుకుంటే చాలు. వాళ్ళు వేడి పాలల్లో కలుపుకుంటారు. కిలో పొడికి వంద కప్పుల లెక్కే ఇక్కడా. ముహూర్తాల నెలల్లో నా కుర్రాళ్ళకి ఇంటికెళ్ళే తీరిక ఉండదు.

పొడి గురించి. చికోరీని చూసి మొహం చిట్లించకండి. ఆన్‌లైన్‌లో చదివి వచ్చిన కుర్రాళ్ళు "ప్యూర్ కాఫీ ఇవ్వండి, చికోరీ కల్తీ" అంటారు. కల్తీ కాదు, అది ఒక మొక్క వేరు, వేయించి పొడి చేస్తారు. చట్టం ప్రకారం మిశ్రమంలో కాఫీ 51 శాతానికి తగ్గకూడదు, ఎంత కాఫీ ఎంత చికోరీ అన్నది ప్యాకెట్ మీద వేయాలి. చెప్పకుండా కలిపితేనే కల్తీ. చికోరీలో కెఫీన్ ఉండదు. రంగు, చిక్కదనం, ఒక తియ్యని చేదు ఇస్తుంది, నీళ్ళని పట్టి ఉంచి డికాక్షన్ నెమ్మదిగా దిగేలా చేస్తుంది. మన వైపు నాలుకలు 70-30కి అలవాటు పడ్డవి, కొందరికి 60-40 కావాలి. మీరు 80-20, 60-40 రెండు డబ్బాలు పెట్టండి, అడిగినవాళ్ళకి కళ్ళముందే కలిపి ఇవ్వొచ్చు. చికోరీ లేనిది కొద్దిగా ఉంచండి, అది తీసుకెళ్ళేవాళ్ళలో సగంమంది మళ్ళీ వచ్చి "పాలల్లో పల్చగా ఉందండీ" అంటారు. వానాకాలం జాగ్రత్త. మన కొండ వానలకి చికోరీ తేమ పీల్చి రాయిలా గట్టిపడుతుంది. విడిగా, గాలి చొరని డబ్బాలో ఉంచి, అమ్మే రోజే కలపండి.

వేయించడం మొదట్లోనే నెత్తిన వేసుకోకండి. వేయించిన గింజ తెప్పించుకుని, గ్రైండరు మాత్రం షాపులో, అదీ రోడ్డు వైపు పెట్టండి. గ్రైండరు ఆడుతున్నంతసేపు వచ్చే వాసన కంటే మంచి బోర్డు లేదు. ఆడించిన పొడి వాసన రెండు వారాలకే తగ్గిపోతుంది కాబట్టి పావు కిలో ప్యాకెట్లే ఇవ్వండి, కిలో అడిగినా నాలుగుసార్లు రమ్మనండి. తర్వాతెప్పుడైనా వేయించాలనిపిస్తే కాఫీ బోర్డు వాళ్ళు బెంగళూరులో 'కాపీ శాస్త్ర' అని శిక్షణ ఇస్తారు, వెళ్ళి రండి. పచ్చి గింజ వేయిస్తే బరువు పదిహేను నుంచి ఇరవై శాతం దాకా తగ్గుతుంది, ఆ లెక్క తెలీక ధర వేసినవాళ్ళు మునిగారు.

కోరాపుట్ గింజ వాడొచ్చా? తప్పకుండా, కానీ అదొక్కటే కాదు. ఈ విషయం మీద నాకు కొంచెం పట్టుదల ఉంది, భరించండి. నా కొట్టుకి వచ్చేవాళ్ళు "అరకు కాఫీ ఉందా?" అని అడుగుతారు. అరకుకి పేరు రావడం న్యాయమే: 2017లో పారిస్‌లో షాపు తెరిచారు, 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది, గిరిజన సహకార సంస్థ ఎన్నో ఏళ్ళు వెనకుండి నిలబెట్టింది. కానీ అదే తూర్పు కనుమలు ఇటు పొట్టంగి, నందపూర్, లమతాపుట్ల మీదుగా సాగుతున్నాయి, అదే ఎత్తు, అదే చలి. సాలూరు ఘాట్ ఎక్కి సుంకి దాటితే రోడ్డు పక్క నుంచే సిల్వర్ ఓక్ చెట్లకి మిరియాల తీగలు, కింద కాఫీ మొక్కలు కనిపించే చోట్లున్నాయి. ఇటు కాఫీ 1930లో జయపురం మహారాజు రామచంద్ర దేవ్ నాటించగా మొదలైందంటారు. 1958లో ప్రభుత్వ నేల సంరక్షణ శాఖ తోటలు వేయించింది. అదీ కాఫీ మీద ప్రేమతో కాదు, పోడు కొట్టిన కొండల మట్టి కొట్టుకొచ్చి మాచ్‌ఖండ్ రిజర్వాయర్ పూడిపోతుందని. నీడ చెట్లుంటే మట్టి నిలుస్తుంది, నీడలో కాఫీ పండుతుంది. ఇప్పుడు ఒడిశా గిరిజన సహకార కార్పొరేషన్ గిరిజన రైతుల దగ్గర కొని కోరాపుట్ కాఫీ పేరుతోనే అమ్ముతోంది.

రుచి సంగతికొస్తే కోరాపుట్ గింజ అరబికా రకం. సువాసన బాగుంటుంది, కాస్త పుల్లదనం ఉంటుంది, పాలు లేకుండా తాగితే దాని గొప్ప తెలుస్తుంది. కానీ మన కస్టమర్ చిక్కటి పాలు పోసి, రెండు చెంచాల పంచదార వేసి తాగుతాడు, అందులో అరబికా ఒక్కటే అయితే మునిగిపోతుంది. అందుకని రోబస్టా అనే రెండో రకం గింజ కలపాలి. వ్యాపారంలో కడిగి ఎండబెట్టిన అరబికాని 'ప్లాంటేషన్' అంటారు, పండు పండుగా ఎండబెట్టిన దాన్ని 'చెర్రీ' అంటారు, ఒకే గింజ గుండ్రంగా ఉండేది 'పీబీ'. ధరల కాగితం చూసి కంగారు పడకండి. నేను కోరాపుట్ ప్లాంటేషన్ అరవై పాళ్ళు, కర్ణాటక వైపు రోబస్టా చెర్రీ నలభై పాళ్ళు కలుపుతాను, ఆపైన చికోరీ. రోబస్టాలో కెఫీన్ దాదాపు రెట్టింపు, 2.2 శాతం దాకా, అరబికాలో 1.2. "మీ కాఫీ తాగితే తలనొప్పి ఎగిరిపోయింది" అనేవాళ్ళు మెచ్చుకునేది నిజానికి రోబస్టాని. డబ్బా మీద మాత్రం ఏది ఎంతో నిజం రాయండి. కోరాపుట్ పేరు పెట్టి వేరే గింజ అమ్మితే, ఇంకా నిలదొక్కుకుంటున్న ఆ కొండ రైతుకే దెబ్బ.

గింజ ఎక్కువగా కొని నిల్వ పెట్టొద్దు. 2024లో బ్రెజిల్, వియత్నాంలో వానలు లేక ప్రపంచమంతా రేట్లు లేచిపోయాయి. ఎప్పుడూ చవగ్గా ఉండే రోబస్టా అరబికా పక్కకి వచ్చి కూర్చుంది. అటువంటప్పుడు రాత్రికి రాత్రి ధర పెంచితే ఇంటి కస్టమర్లు నొచ్చుకుంటారు, నెల ముందు చెప్పి పెంచండి.

మెషిన్ ఎందుకు వద్దన్నానంటే, డబ్బు ఒక్కటే కారణం కాదు. ఎస్ప్రెసో అంటే తొమ్మిది బార్ల ఒత్తిడి మీద నీళ్ళు పొడిలోంచి రావాలి. వోల్టేజీ ఊగితే మెషిన్ మొరాయిస్తుంది, బోరు నీళ్ళల్లో ఉప్పుంటే లోపల గార కడుతుంది. ఒక రబ్బరు రింగు పోతే విశాఖ నుంచి మెకానిక్ రావాలి, అతనొచ్చేలోగా మీ షాపు ముందు 'మెషిన్ రిపేరు' బోర్డు. అదే డబ్బుతో రెండు పెద్ద స్టీలు ఫిల్టర్లు, ఒక గ్రైండరు, ఒక ఫ్రిజ్, మిక్సీ వస్తాయి. కోల్డ్ కాఫీకి గట్టి డికాక్షన్, చల్లటి పాలు, ఐస్‌క్రీం చాలు, పిల్లలెవరూ ఇది ఎస్ప్రెసోతో చేశారా అని అడగరు.

డికాక్షన్ సంగతి రెండు ముక్కలు. వంద గ్రాముల పొడికి అర లీటరు పైచిలుకు నీళ్ళు, నాలుగొందల మిల్లీలీటర్లు దిగుతుంది, పది కప్పులు. పొడిని గట్టిగా అదమకండి. ముందు కొంచెం వేడి నీళ్ళు చల్లి నిమిషం ఆగండి, తర్వాత మిగతావి పోయండి. నీళ్ళు మరిగి దించాక కాస్త ఆగి పోయాలి. కోరాపుట్, సునాబెడ ఎత్తులో నీళ్ళు 97 డిగ్రీల దగ్గరే మరుగుతాయి కాబట్టి అక్కడ ఈ ఆగడం పెద్దగా అక్కర్లేదు, రాయగడ కిందుంది కాబట్టి మీకు అవసరం. డికాక్షన్‌ని నేరుగా మంట మీద వేడి చేయొద్దు, వేడి నీళ్ళ గిన్నెలో పెట్టండి. పాలు పదేపదే మరిగిస్తే కాఫీకి పాలకోవా వాసన వస్తుంది, తక్కువ తక్కువగా కాచుకోండి. పొద్దుటి డికాక్షన్ మధ్యాహ్నానికి పారబొయ్యండి, అబ్బా అనిపించినా సరే.

ఒడియా కస్టమర్లు రారేమో అన్న అనుమానం మీ ప్రశ్నలో ఉంది. వస్తారు, కానీ పొడి కోసం కాదు, ముందు కప్పు కోసం. ఇడ్లీ వడ తినడానికి వచ్చిన చోట కాఫీ తాగడం వాళ్ళకి అలవాటే, ఇంట్లో మాత్రం టీయే. నా దగ్గర ఒక ఒడియా మాస్టారు కౌంటర్ దగ్గర ఏళ్ళ తరబడి తాగాక, రిటైరైన తర్వాత "ఇంట్లో ఎలా చెయ్యాలి" అని ఫిల్టర్ కొనుక్కెళ్ళారు. అలాంటివాళ్ళు నెమ్మదిగా వస్తారు. మీ పక్కన టిఫిన్ హోటలుంటే అతనితో స్నేహం చేసుకోండి, అతని కాఫీకి పొడి మీరివ్వండి. బోర్డు పైన ఒడియాలో, కింద తెలుగులో రాయించండి. పేపర్ మిల్లు క్వార్టర్లు, రైల్వే క్వార్టర్లు, ఈ రెండు చోట్లా ఆదివారం పొద్దున్న పది గ్రాముల శాంపిల్ పొట్లాలు పంచండి. సునాబెడ, దామన్‌జోడి టౌన్‌షిప్పుల్లో తమిళ, మలయాళ కుటుంబాలు కూడా ఉంటాయి కాబట్టి మా వైపు ఇది బాగా పనిచేసింది.

ఆరోగ్యం గురించి కస్టమర్లు అడుగుతారు, తెలిసి ఉండాలి. హైదరాబాద్ జాతీయ పోషకాహార సంస్థ 2024 సూచనల ప్రకారం కెఫీన్ రోజుకి 300 మిల్లీగ్రాములు దాటకూడదు. 150 మిల్లీలీటర్ల డికాక్షన్ కాఫీలో 80 నుంచి 120, ఇన్‌స్టంట్‌లో 50 నుంచి 65, టీలో 30 నుంచి 65 ఉంటుందని వాళ్ళ లెక్క. భోజనానికి గంట ముందు, గంట తర్వాత టీ కాఫీలు వద్దన్నారు, అన్నంలోని ఇనుము ఒంటికి పట్టదని. రక్తం తక్కువున్న ఆడవాళ్ళు అన్నం తినగానే కాఫీ తాగుతుంటే నేను ఇదే చెప్తాను, అమ్మకం ఒక కప్పు తగ్గినా పర్లేదు. తాగిన కెఫీన్‌లో సగం ఐదారు గంటల తర్వాత కూడా ఒంట్లోనే ఉంటుంది కాబట్టి, పరీక్షల టెన్షన్‌లో రాత్రి ఎనిమిదికి పెద్ద గ్లాసు అడిగే పిల్లల కోసం మెనూలో సగం గ్లాసు కాఫీ ఒకటి పెట్టండి.

షట్టర్ అగ్రిమెంట్ మీద సంతకం పెట్టే ముందు మూడు విషయాలు ఇక్కడ రాయండి: అద్దె ఎంత, అడ్వాన్సు ఎన్ని నెలలది, నూరు అడుగుల లోపు టిఫిన్ హోటల్ ఉందా లేదా. అద్దె పన్నెండు వేలు దాటితే కాలేజీ దారి వదిలేసి క్వార్టర్ల వైపు చిన్న గది చూడమంటాను, పొడి కొనేవాళ్ళుండేది అక్కడే కాబట్టి.